వ్యాయామశాలకు సెలవు

ఉద్యోగము పోయినవానిని లోకము కొన్ని ప్రశ్నలు తప్పక యడుగును. ఇంటియద్దె యెట్లు గడచుచున్నది? పిల్లల చదువునకేమి చేయుచున్నారు? మరియొకచోట నేదైన దొరకినదా? ఇవన్నియు దయతో నడుగు ప్రశ్నలే. వానికి మనము చెప్పు సమాధానములును మర్యాదగానే యుండును. కాని “మీరు సాయంకాలము పోవుచుండిన చోటికి ఇప్పుడును పోవుచున్నారా?” అని యడుగువారు అరుదు. జీతము నిలిచిన మొదటి మాసమున మధ్యతరగతి గృహస్థు బియ్యము మానడు, పిల్లల పాలు మానడు, తల్లిదండ్రుల మందులు మానడు. ఎవరికిని చెప్పక, ఎవరిచేతను ఆక్షేపింపబడక మానదగిన వ్యయము తన సొంత సంతోషమునకైనది యొక్కటే. ఒకడు సంగీతపాఠము మానును. ఒకడు పత్రికకు చందా మానును. ఒకడు మిత్రులతో కూడి యూరు పోవుట మానును. నేను కరాటే మానితిని.

ఈ మాట విని చదువరులు నవ్వవచ్చును. పిల్లలచేత శబ్దరూపములు వల్లెవేయించువాడు, ఆంగ్లవ్యాకరణము చెప్పి పొట్టపోసికొనువాడు, నలువదియేండ్లు దాటినవాడు, వీనికి కరాటే యేమిటి? నవ్వు సహజమే. మా బంధువులును నవ్విరి. నేనును ఆ విద్యను కోరి పోయినవాడను కాను. 2012వ సంవత్సరమున, నాకు ముప్పదిమూడేండ్ల వయసున, ఏడేండ్ల మా అమ్మాయిని హనుమకొండలోని యొక కరాటేశాలలో చేర్చితిని. అది యొక మూడంతస్తుల యింటి మేడ. పైన రేకులు, క్రింద సిమెంటు నేల, ఒక మూల నీళ్లకుండ. పిల్ల నేర్చుకొనుచుండ నేను మెట్లపై గూర్చుండి పరీక్షాపత్రములు దిద్దుకొనెడివాడను. ఒకనాడు మాస్టరు నాయొద్దకు వచ్చి, “సార్, ఇట్ల వంగి కూసుంటే నడుము పోతది. పాపతోని మీరు కూడ నిలబడుండ్రి” అనెను. అప్పటికే నడుము సగము పోయియుండెను. మరుసటి మాసమునుండి నేనును వరుసలో నిలిచితిని. నెలకు 500 రూపాయల రుసుము.

వరుస యని యూరక వ్రాయలేదు. అచ్చట నిలుచు క్రమమునకు వయసు ప్రమాణము కాదు, చదువు కాదు, కులము కాదు. నడుమునకు కట్టిన బెల్టు రంగొక్కటే ప్రమాణము. తెల్లబెల్టు వాడను గనుక నేను కడపటివాడనైతిని. నాకు పైన నిలిచినవారిలో మా బడిలో ఏడవ తరగతి చదువు బాలు డొకడుండెను. ఉదయము పదిగంటలకు వాడు లేచి నిలిచి నాకు నమస్కరించును. సాయంకాల మారుగంటలకు నేను వంగి వానికి నమస్కరింతును. మొదటి దినమున వాడు సిగ్గుపడి మాస్టరు ముఖము చూచెను. మాస్టరు తల యాడించెను. అంతట వాడు నా కాలి నడుమ దూరమును సరిచేసి, “సార్, మోకాలు ఇంకా వంచాలి” అని మెల్లగా చెప్పెను. పదునైదేండ్లుగా ఇతరుల తప్పులు దిద్దుటయే వృత్తిగాగల నాకు, ఒక బాలుడు నా తప్పు దిద్దుట యెంతటి విశ్రాంతిగా నుండెనో మాటలలో చెప్పలేను.

పాఠమునకు ముందు నేల యూడ్చుట వంతులవారీగా నుండెడిది. మాంసపు దుకాణము వాని కొడుకు, ఆటో నడుపువాని కొడుకు, డాక్టరుగారి కూతురు, నేను, అందరమును చీపురు పట్టినవారమే. జంటలుగా నిలిచి అభ్యాసము చేయునపుడు ఒకరి మణికట్టు నొకరు పట్టవలెను, ఒకరి చెమట యొకరి కంటవలెను. పిడికిలి ఎదుటివాని ముఖమునకు వెండ్రుకవాసి దూరమున నాపవలెను. కొట్టగలుగుటకంటె ఆపగలుగుటయే కష్టము. మా తాతగారు దూరముగా నిలువుమనెడి కుటుంబముల బిడ్డలతో నేను పిడికిలి కలిపి, మోకాళ్లు కొట్టుకొని, కలసి నవ్వితిని. అంటరానితనము తప్పని నేను తరగతిలో పాఠము చెప్పినది యెన్నియో సారులు. అది నా యొడలి కెక్కినది మాత్రమా మేడమీదనే.

నా చదువు నన్ను మాటల మూలములు వెదకువానినిగా జేసినది. కరాటేశాలను జపానువారు ‘దోజో’ యందురు. అది వారి సొంతమాట కాదు. బౌద్ధగ్రంథములలోని ‘బోధిమండ’ మను సంస్కృతపదమును చీనావారు తమ భాషలోనికి మార్చుకొనగా, ఆ మార్పే జపానునకు చేరి ‘దోజో’ యైనది. బుద్ధుడు జ్ఞానము పొందిన స్థలమున కా పేరు. మన యూళ్లలో కుస్తీలు పట్టు చోటును ‘తాలింఖానా’ యందురు. తాలీ మనగా అరబ్బీలో విద్య, ఖానా యనగా పారసీలో ఇల్లు. కావున తాలింఖానా యనగా విద్యాగృహమే. గ్రీకుల ‘జిమ్నాసియము’ వ్యాయామస్థలమే యైనను, ప్లేటో బోధించిన అకాడమీ యట్టి స్థలముననే వెలసినది. జర్మనులు నేటికిని తమ యున్నతపాఠశాలను జిమ్నాసియమనియే పిలుతురు. ఇన్ని భాషలవారు ఒకరి నొకరు అడుగకయే యొక్క మాట చెప్పినారు: ఒడలు సాధన చేయు చోటు బడియే. అందుచేత 2020లో నాకు కలిగిన నష్టము లోకము లెక్కించినట్లు ఒకటి కాదు, రెండు. చెప్పు బడి మొదట పోయినది, నేర్చు బడి తరువాత పోయినది.

కరాటేకును బడిపంతుళ్లకును గల సంబంధము కూడ నన్నాకర్షించినది. ఒకినావా దీవిలో రహస్యముగా నేర్చుకొనబడుచుండిన యీ విద్యను ఇరువదవ శతాబ్దారంభమున పాఠశాలలలోనికి దెచ్చినవాడు ఇతోసు అంకో. ఆయన శిష్యుడైన ఫునకోషి గిచిన్ ముప్పది యేండ్లకు పైగా బడిపంతులు. 1922లో, ఏబదియేండ్లు దాటిన వయసున, కరాటే ప్రదర్శించుటకై తోక్యో వెళ్లి యచ్చటనే నిలిచిపోయెను. ధనము లేదు. ఒకినావా విద్యార్థుల వసతిగృహమున నొక చిన్నగదిలో నుండి, పగలు ఆ గృహమునకు కావలియుండి, ఆవరణ యూడ్చి, తోటపని చేసి, ఖాళీ దొరకిన వేళ అచ్చటి శాలలో పాఠములు చెప్పెను. వంటవానికి కరాటే నేర్పి, అందుకు బదులుగా తన భోజనపు రుసుము తగ్గించుకొనెనని తన యాత్మకథలో తానే చెప్పుకొన్నాడు. ‘కరాటే’ యనుపదమున మొదట చీనాదేశమును సూచించు నక్షర ముండెడిది. దానిని ‘శూన్య’ మను నర్థము గల యక్షరముగా మార్చుటకు పూనినవారిలో ఆయన ముఖ్యుడు. రిక్తహస్తమని యర్థము. చేతిలో నేమియు లేనివాని విద్య యన్నమాట. ఆ యర్థము నాకు పుస్తకమున తెలిసినది 2012లో, అనుభవమున తెలిసినది 2020లో.

ఆ సంవత్సరము మార్చి నడుమ బడులు మూయబడినవి. మార్చి 25 నుండి దేశమంతయు తలుపులు వేసికొన్నది. నేను పనిచేయు ప్రైవేటు పాఠశాలవారు ఏప్రిలులో సగము జీతమిచ్చిరి. మే మాసమున నేమియు లేదు. జూనులో పాఠములు ఫోనులలోనికి మారినవి. ఫోనుపాఠములకు గణితము, విజ్ఞానశాస్త్రము చెప్పువారు చాలునని, భాషలు చెప్పువారిలో ఒక్కరినే యుంచుకొని, తక్కినవారిని “బడి తెరచినపుడు పిలిచెదము” అని పంపిరి. ఆ పిలుపు రాలేదు. రెండు రాష్ట్రములలోను నావంటివారు వేలకు వేలు. కొందరు కూరగాయలమ్మిరి, కొందరు ఉపాధిహామీ పనులకు పోయిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము గుర్తింపుగల ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు పూనుకొన్నది. ఆ బియ్యపుమూట మోసికొని యింటికి వచ్చినవారిలో నేనొకడను. దానిని సిగ్గుగా నేను తలపను. తినినవాడు తినినట్లు చెప్పుటయే మర్యాద.

కాని కథ యంతవరకు పోకముందే, 2020 ఆగస్టులో వ్యాయామశాలలు తెరచుట కనుమతి వచ్చినది. సెప్టెంబరులో మాస్టరు మేడ తెరచెను. అరువదిమంది యుండిన చోట పదునలుగురము వచ్చితిమి. బారెడు దూరమున నొక్కొక్కరము నిలిచి, ముఖమునకు గుడ్డ కట్టుకొని, జంట లేకుండ ఒంటరిగా కాటాలు చేసితిమి. కాటా యనగా క్రమబద్ధమైన కదలికల మాల. మొదటిదైన ‘హెయియన్ షోదన్’లో ఇరువదియొక్క కదలికలున్నవి. ఎడమకు తిరిగి క్రిందికి అడ్డువేయుటతో నారంభమై, చివరకు మొదలుపెట్టిన స్థలముననే వచ్చి నిలుచును. హెయియ ననగా శాంతి. నాలుగు నెలలుగా ఇంట కూర్చుండి జీతపు లెక్కలు వేసిన మనసున కా నలువది నిమిషములు శాంతి మాట నిజమే.

ఆ శాలలో నాది అప్పటికి బ్రౌన్ బెల్టు. నల్లబెల్టు పరీక్ష ఆ సంవత్సరము డిసెంబరులో పెట్టవలెనని మాస్టరు అంతకు ముందే నిశ్చయించియుండెను. ఎనిమిదేండ్లు నడచి వాకిటికి వచ్చినవాడను. పరీక్షకు వేలలో ఖర్చు. నెలరుసుము వేరు. అక్టోబరులో మా అత్తగారికి జ్వరము తగిలి ఆసుపత్రి పాలైనప్పుడు, పొదుపుచేసిన సొమ్ములో చివరిభాగము కరగిపోయినది. ఆ రాత్రి నేను ఖర్చుల పట్టీ వ్రాసి, ఒక పంక్తి కొట్టివేసితిని. నా భార్య ఆ పట్టీని చూచి, “ఆ ఐదువందలు నేను జాకెట్లు కుట్టి ఇస్తాను. మీరు పోవడం మానకండి. అక్కడికి పోయివచ్చిన రోజు మీరు ఇంట్లో మనిషిలాగ ఉంటున్నారు” అన్నది. మాట సత్యము. అయినను ఆమె సూదిమొనపై నా సాధన నిలుచుట నాకు సమ్మతము కాలేదు.

చాలమంది యిట్టి చోట్లను చెప్పకయే విడుతురు. ఒక వారము రారు, మరియొక వారము రారు, తరువాత వారి చెప్పులు విడుచు చోట వేరొకరి చెప్పులుండును. గురువు కొన్నాళ్లు ఎదురుచూచి, పట్టీలో పేరు కొట్టివేయును. నేనట్లు పోదలచలేదు. నవంబరు మొదటి వారమున, పాఠము ముగిసిన పిమ్మట, ఆ నెల రుసుము కవరులో పెట్టి యిచ్చి, రేపటినుండి రాజాలనని చెప్పితిని. మాస్టరు నాకంటె ఆరేండ్లు చిన్న. కవరు నందుకొనలేదు.

“ఫీజు సంగతి నేనెప్పుడన్న అడిగిన్నా సార్? పైసల్ లేకుంటె లేకపాయె. మీరు రండి.”

“మీరు అడగరని నాకు తెలుసు మాస్టర్. అందుకే చెప్తున్నాను.”

“డిసెంబర్ల మీ పరీక్ష. ఎనిమిదేండ్లు సార్.”

“పరీక్ష ఎక్కడికీ పోదు.”

ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత కవరు తీసికొని, విప్పక, జేబులో పెట్టుకొనెను. “పోయే ముందు నేల తుడుద్దాం రండి” అనెను. ఆనాడు వంతు మా యిద్దరిదియు కాదు. ఇద్దరమును చెరియొక గుడ్డ తీసికొని, చెరియొక గోడనుండి మొదలుపెట్టి, మేడ నడుమ కలిసికొంటిమి. నా చేతిరక్షలను ఆటో నడుపువాని కొడుకున కిమ్మని యిచ్చి, మెట్లు దిగితిని.

ఉచితముగా రమ్మనినపు డేల పోరాదు? ఈ ప్రశ్న మిత్రులనేకులు వేసిరి. విద్య యమ్మదగినది కాదని మన పెద్దలు చెప్పిన మాటను కొందరు జ్ఞాపకము చేసిరి. ఆ మాటలో గొప్పతనమున్నది. కాని దాని వెనుకనున్న లెక్క మనము మరచితిమి. పూర్వము గురువునకు అగ్రహారముండెను, లేక గ్రామము పంపు ధాన్యముండెను, లేక శిష్యుడు తెచ్చు భిక్షాన్నముండెను. గురువు వెల యడుగకుండుటకు సమాజము ముందే వెల యిచ్చియుండెను. మా మాస్టరునకు అగ్రహారము లేదు. మేడకు నెలకు 6,000 రూపాయల యద్దె. ఆరు నెలల బకాయి. తెల్లవారుజామున ఆయన మార్కెటునుండి కూరగాయలు తెచ్చి బండిమీద అమ్ముచుండెనని, తాను చెప్పకున్నను, ఆ బండియొద్ద టమాటాలు కొన్న నాకు తెలియును. ఆ మనుష్యుని యొద్ద ఉచితముగా నేర్చుకొనుట యనగా ఆయన విస్తరినుండి అన్నము తీసికొనుట. పిల్లవానికి ఉచితముగా చెప్పుట గురువునకు ధర్మము. గురువుగారి బకాయిలు తెలిసిన పెద్దవాడు ఉచితముగా తీసికొనుట శిష్యునకు ధర్మము కాదు. ఇద్దరు దరిద్రులు ఒకరి నొకరు ఆదరించుట చూచుటకు సుందరమే కాని, ఆ భారమును వారిద్దరి భుజములపై వదలి తక్కిన యూరు నిద్రపోవుట సుందరము కాదు. నా యీ వ్యాసము ఆ యూరిని గూర్చియే.

విడిచిన తరువాతి దినములను గూర్చి యెక్కువ వ్రాయను. సాయంకాల మారుగంట లగుసరికి కాళ్లు తమంత తాము చెప్పులు వెదకెడివి. ఒకనాటి రాత్రి, ఆ చోటు పోయినది, ఆ వరుస పోయినది, నాకు నావి యనదగిన నాలుగు గజముల నేల పోయినదని నా భార్యతో చెప్పుకొని బాధపడితిని. ఆమె బట్ట కత్తిరించుచు విని, తల యెత్తక, ఎట్టి కాఠిన్యమును లేక, ఇట్లన్నది: “మీకు విడిచిపెట్టడానికి ఒక చోటు ఉండె. నాకు విడిచిపెట్టడానికి ఏ చోటుంది చెప్పండి?”

నేను సమాధానము వెదకితిని. వంటిల్లు, కుట్టుమిషను, గుడి, పుట్టిల్లు. వీనిలో నొక్కటియు ఆమె తన దేహము తనదిగా సంతోషించుటకు పోయిన చోటు కాదు. ఎనిమిదేండ్లు నేను మేడమీద చెమటయోడ్చి వచ్చునప్పటికి అన్నము సిద్ధముగా నుండెను. కూతురు పదునాలుగేండ్లు వచ్చుదాక నాతో వచ్చెను. తరువాత పదవతరగతి యని యింటివారమందరము కలిసి మాన్పించితిమి. మగవాడు ఉద్యోగము పోయిననాడు కోల్పోవునది, స్త్రీకి ఉద్యోగమున్నను లేకున్నను మొదటినుండియు లేదు. గృహసంస్కారమును గూర్చి వ్రాయువారు, చదువువారు, ఈ లెక్క యొకసారి తమ యింట వేసి చూడవలెను. ఇంటిలో నెవరెవరికి నెలకెన్ని గంటలు తమ యొడలికై యున్నవి? వంటిపనిచే నలసిన యొడలు వ్యాయామము చేసిన యొడలు కాదు. ఒకటి యరుగును, మరియొకటి పెరుగును.

అటుపిమ్మట మేము ముగ్గురమును తెల్లవారుజామున ఐదున్నరకు మా యద్దెయింటి మేడమీదికి పోవ నారంభించితిమి. నేను గురువునని చెప్పుకొనలేదు. నాకా యర్హత లేదు. నాకు వచ్చిన మొదటి కాటాను ముగ్గురమును కలిసి చేసితిమి. ఒక ఆదివారము మాస్టరు వచ్చి, చీరకుచ్చెళ్లు దోపుకొని నిలిచిన నా భార్య మోకాలిని చూచి, “సార్ కంటె మీరే బాగ వంచుతున్నరమ్మా” అనెను. ఆమె తన కుట్టుపని సొమ్ములోనుండి నూటపదియార్లు తాంబూలములో పెట్టి యిచ్చినది. ఆయన దానిని రెండు చేతుల నందుకొనెను. ఆ రుసుము ఆమె తన సాధనకై యిచ్చినది, నా సాధనకై కాదు. అందుచేత నాకును అభ్యంతరము లేకపోయెను.

ఇక ఊరిని గూర్చి చెప్పెదను. ఉద్యోగము లేని యా కాలమున, గ్రంథాలయములు మరల తెరచిన పిదప, నేను దినమునకు మూడు గంటలు హనుమకొండలోని శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమున గడిపితిని. 1904లో స్థాపితమైన సంస్థ యది. నిజాము రాజ్యమున తెలుగు మాటకు చోటు దొరకని దినములలో, కొందరు గృహస్థులు తమ జేబుసొమ్ముతో నిలిపిన యిల్లు. నేను లోపలికి పోయినపుడు నాకు జీతమున్నదా యని యెవరును అడుగలేదు. బల్లముందు కూర్చుండినంతసేపు నేను వెనుకటి మనుష్యుడనే. ఇట్టి యిండ్లు మరిన్ని నిలుచుటకు గ్రంథాలయోద్యమకారులు ఊరూరు తిరిగిరి. వారి శ్రమఫలముగా 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయచట్టము వచ్చినది. నేటికిని రెండు రాష్ట్రములలో ఇంటిపన్నుతో కూడ రూపాయికి 8 పైసలు గ్రంథాలయములకై వసూలగును. ఆ సొమ్ము అనుకొన్నట్లు చేరుటలేదని, భవనములు శిథిలములగుచున్నవని ఆక్షేపణలున్నవి, అవి సమంజసములే. కాని సూత్రము నిలిచినది. పుస్తకము చదువుట ధనికుని విలాసము కాదు, ఊరివారందరు కలిసి భరింపదగిన యవసరమని మనము నూరేండ్ల క్రిందటనే యొప్పుకొంటిమి.

దేహమును గూర్చి మాత్రము మనమట్లు ఒప్పుకొనలేదు. మన యూళ్లలో గరిడీలు, తాలింఖానాలు లేకపోలేదు. గ్రామస్థుల ధాన్యముతో, వర్తకుల చందాలతో నడచినవి యుండెను. కోడి రామమూర్తినాయుడు ఏనుగును రొమ్ముపై నెక్కించుకొన్నాడని చెప్పుకొని మనము గర్వింతుము. ఆ మహాబలుడు సర్కసునకు పోవుటకు ముందు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండెనని చెప్పుకొనము. ప్రదర్శనము జ్ఞాపకమున నున్నది, పాఠశాల జ్ఞాపకమున లేదు. నేడు వ్యాయామము సొమ్ముగలవానికి అద్దాలగదులలో దొరకును. సొమ్ము లేనివానికి రోడ్డుప్రక్క నడక మిగులును.

ప్రభుత్వమేమియు చేయలేదని యనను. 2022 జూనునుండి తెలంగాణ పల్లెలలో క్రీడాప్రాంగణములు వెలసినవి. పట్టణములలోని ఉద్యానములలో ఇనుపసాధనములు నిలిపిరి. నేను చూచిన ప్రాంగణములలో స్థలమున్నది, బోర్డున్నది, కడ్డీలున్నవి. “మోకాలు ఇంకా వంచాలి” అని చెప్పువాడు లేడు. మరియొకవైపున, ప్రభుత్వపాఠశాలలలోని బాలికలకు ఆత్మరక్షణ నేర్పుటకు సమగ్రశిక్షా పథకము క్రింద శిక్షకుని మూడు నెలలపాటు, నెలకు 5,000 రూపాయలకు నియమింతురు. మా మాస్టరు నేడట్టి పనియే చేయుచున్నాడు. 2021 వేసవిలో రెండవసారి అన్నియు మూతపడినపుడు ఆయన మేడను ఖాళీచేసెను. ఇప్పుడచ్చట ఎవరివో బట్టలు ఆరుచున్నవి. మూడు నెలలు ఆడపిల్లలకు చెప్పును, తొమ్మిది నెలలు బండి నడుపును. నేలయున్న చోట గురువు లేడు, గురువునకు నేల లేదు. ఈ రెంటిని కలుపుట కెంత కావలెను?

పెద్ద భవనములు నేనడుగుటలేదు. సాయంకాలము మూయబడు ప్రభుత్వపాఠశాలల యావరణములు ప్రతి వార్డునను ఉన్నవి. ఆరు మొదలు ఎనిమిదివరకు వానిని తెరచి, కర్రసాము గాని, కుస్తీ గాని, కరాటే గాని తెలిసిన యొక్క గురువును సంవత్సరము పొడుగున జీతమిచ్చి నిలుపవచ్చును. అందొక గంట స్త్రీలకు ప్రత్యేకింపవచ్చును. గ్రంథాలయమునకు వలె దానికిని ఇంటిపన్నులో కొన్ని పైసలు చేర్పవచ్చును. అదియు ఆలస్యమైనచో, ఒక వీథిలోని ఇరువదియిండ్లవారు నెలకు నూరేసి రూపాయలు వేసికొని ఒక గురువును పిలువవచ్చును. ఇచ్చువాడిచ్చును, ఈయలేనివాడు ఈయకుండును. వరుసలో నెవడేది యిచ్చెనో యెవరికిని తెలియరాదు. నియమమిదియొక్కటే ముఖ్యము. ఉచితమను మాట యొకని ముఖమున ఒకడు చెప్పునపుడు బరువగును. ఊరందరికి నొకటియైనపుడు తేలికయగును. భాషానిలయమున బల్లముందు కూర్చుండి నేను తలవంచుకొననిది అందుచేతనే.

2022లో నాకు మరియొక పాఠశాలలో పని దొరకినది. జీతము తక్కువ, దూరము ఎక్కువ. నల్లబెల్టు నాకు లేదు. జపానుభాషలో ఆ పదవిని ‘షోదన్’ అందురు. మొదటిమెట్టు అని దాని యర్థము. కావున నేను నేటికిని మొదటిమెట్టునకు క్రిందనున్నవాడను. దానికి విచారము లేదు. ఈ ఫాల్గునమున మా వీథిలో పదునెనిమిది యిండ్లవారము కూడి, దగ్గరి ప్రాథమికపాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని సాయంకాలము ఆవరణ యిమ్మని యడిగితిమి. ఆమె పైయధికారులకు వ్రాసినది. ఉత్తర మింకను రాలేదు. చందాపట్టీలో మొదటిపేరు నా భార్యది.